చేతనయ్యే పని, వెంట వచ్చే ధైర్యం: పెద్దేముల్ ప్రాంత యువత ముందున్న కాలం

పెద్దేముల్ పల్లెల్లో కొత్త పని ఏదైనా ఎదురైనప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లవాడి నోట, ఆడపిల్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: "నాతోని అయితదా?" పుస్తకాలు ఆత్మవిశ్వాసం అనే బరువైన మాటతో చెప్పే విషయమంతా ఈ చిన్న ప్రశ్నలో ఉంది. తెలుగువాడు శక్తిని గురించి మాట్లాడినప్పుడల్లా మాట చేతి దగ్గరికే వెళుతుంది. వచ్చిన పని చేతనైన పని, రానిది చేతకాని పని. బాగా అలవాటైన పనిలో చేయి తిరిగిందంటారు. ధైర్యం గుండెలో పుడుతుందని పాటల్లో పాడుకున్నా, రోజూ వాడే భాష మాత్రం దాన్ని చేతిలోనే చూసింది. పని పూర్తిచేసిన చేయి "అయితది" అంటుంది. ఎన్నడూ ముట్టుకోని చేయి "అయితదా?" అని అడుగుతుంది. యువతకు ధైర్యం నూరిపోయాలని సభల్లో తరచుగా వినిపించే మాటలో ఒక పొరపాటుంది. ధైర్యం నూరిపోస్తే వచ్చేది కాదు, అది పని వెంట వస్తుంది. పెద్దేముల్ వంటి ప్రాంతంలో ఆ పని ఎక్కడ దొరుకుతుంది, ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నాక ఏమవుతుంది అన్నవే అసలు విచారించవలసిన సంగతులు.

మనస్తత్వ శాస్త్రం కూడా ఇదే మాట చెప్పింది. ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, ఒక పని తాను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుంది. తానే చేసి గెలవడం ఒకటి. తనలాంటివాడు చేస్తుంటే చూడడం రెండోది. నమ్మకమున్నవారు "నీవల్ల అవుతుంది" అని చెప్పడం మూడోది. ఒంట్లో వణుకు, గుండెదడ తగ్గి మనసు కుదుటపడడం నాలుగోది. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదే. పామంటే హడలిపోయేవారితో ఆయన, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, ఇతరులు పామును పట్టుకుంటే దూరంగా చూసినవారికన్నా, పక్కన ఒకరి సాయంతో మెల్లమెల్లగా తామే పట్టుకున్నవారికి భయం బాగా తగ్గింది. ఊళ్లలో జరిగే వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు చాలామటుకు మూడో దారినే పట్టుకుని నడుస్తాయి. అరగంట చప్పట్లు మోగుతాయి, మర్నాటికి పిల్లవాడు మళ్లీ అదే ప్రశ్న దగ్గర నిలబడతాడు. మొదటి దారికి సమయం, సామగ్రి, ఓపిక కావాలి. అందుకే దాన్ని ఎక్కువమంది ముట్టుకోరు.

పెద్దేముల్ మండలం ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది రంగారెడ్డి జిల్లాలో భాగం. రాజధానిని చుట్టుకుని ఉన్న జిల్లాకు ఆ కొసన ఉన్నందువల్ల హైదరాబాదు వెలుగు ఈ పల్లెలకు పేరులో తప్ప పెద్దగా అందలేదు. 2011 జనాభా లెక్కల మేరకు ఇప్పటి వికారాబాద్ జిల్లా పరిధిలో అక్షరాస్యత దాదాపు 58 శాతం. రాష్ట్ర సగటు అప్పటికే 66 శాతం దాటింది. అంటే ఇవాళ ఇంటర్‌లో, డిగ్రీలో ఉన్న పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో చదువుకున్న మొదటి తరం. దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కోర్సు దేనికి పనికొస్తుందో చెప్పే పెద్దలు ఇంట్లో ఉండరు. అమ్మానాన్నలకు పిల్లల మీద ప్రేమకు లోటు లేదు, దారి తెలియదు, అంతే. పంట చేతికి రాని ఏడు ముంబై, పుణే వైపు కూలికి పోయే కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. వాటిలో పిల్లల చదువు ఎక్కడ తెగిపోయిందో మళ్లీ అక్కడే ముడిపడడం అరుదు.

అయినా ఈ పిల్లలు వట్టి చేతులతో వచ్చినవారు కారు. పెద్దేముల్‌ను ఆనుకుని ఉన్న తాండూరు ప్రాంతపు నేల ఒకచోట నల్లరేగడి, మరోచోట ఎర్రచెల్క. కింద సున్నపురాయి పొరలు. ఆ నేలలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, తోడు నిలిచింది తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం. తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానం కంది మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చింది. పెద్దేముల్ రైతు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి చెట్టు ఒకవైపు వాడిపోతుంటే అది ఎండు తెగులని, ఆకు చిన్నదై పూత రాకుండా పోతే వెర్రి తెగులని చూడగానే తెలుస్తుంది. తండాలో పెరిగిన అమ్మాయి ఇంట్లో లంబాడీల గోర్‌బోలి, బడిలో తెలుగు, తాండూరు అంగట్లో ఉర్దూ, సేడం వైపు చుట్టాలుంటే కాస్త కన్నడం మాట్లాడుతుంది. నాలుగు భాషల మధ్య తడబాటు లేకుండా నడవగల మనిషికి బేరసారాలు, ఆసుపత్రి సేవలు, పర్యాటకం వంటి పనుల్లో ఎంత విలువ ఉండాలి! బయోడేటాలో మాత్రం ఆ వివరం ఒక గడిలో ఒక్క మాటగా మిగిలిపోతుంది, ఇంగ్లీషు రాదన్న బెంగ పేజీ అంతా కమ్ముకుంటుంది. తమకు వచ్చినదాన్ని విద్యగా ఎవరూ లెక్కించకపోవడమే ఈ పిల్లల ధైర్యానికి తగిలిన మొదటి దెబ్బ.

ఇక లోటు ఉన్న చోట దాన్ని దాచిపెట్టడం వారికి మేలు చేయదు. 2023లో దేశవ్యాప్తంగా 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వయసువారి మీద ప్రథమ్ సంస్థ జరిపిన అసర్ సర్వేలో, నూటికి 87 మంది దాకా ఏదో ఒక విద్యాసంస్థలో పేరున్నవారే. అయినా నలుగురిలో ఒకరు రెండో తరగతి పాఠాన్ని తమ భాషలోనే ధారాళంగా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు నూటికి 43 మంది. ఆ సర్వేలో ఒక చిన్న పరీక్ష అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి పొడవు అడిగితే నూటికి దాదాపు 85 మంది సరిగా చెప్పారు. అదే వస్తువును సున్నా నుంచి కాస్త పక్కకు జరిపి పెడితే చెప్పగలిగినవారు 39 మందికి పడిపోయారు. మొదటిదాంట్లో పిల్లలు చదివింది స్కేలు మీది అంకెను. రెండోదాంట్లో కొలత అంటే రెండు బిందువుల మధ్య దూరమని తెలియాలి. బడి అంకె చదవడం నేర్పింది గాని కొలవడం నేర్పలేదు.

ఈ తేడా తాండూరు నాపరాళ్ల పనిలో ప్రతిరోజూ ఎదురవుతుంది. టేపు మొన అరిగినా వంగినా చేయి తిరిగిన పనివాడు దాన్ని పారేయడు. ఒక అడుగు గీత దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చిన లెక్కలో అడుగు తీసేస్తాడు. సర్వేలో 39 మందికి మాత్రమే వచ్చిన లెక్క అదే. పదమూడు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు ఉన్న గదికి రెండడుగుల చదరం బండలు ఎన్ని కావాలో చూద్దామంటే, పదో తరగతి పిల్లవాడు వైశాల్యం 143 చదరపు అడుగులని, దాన్ని నాలుగుతో భాగిస్తే ముప్పై ఐదు ముప్పావు అని చెప్పి ఆగుతాడు. మేస్త్రీ గదిని కళ్లతో పరుస్తాడు: నిండు బండలు ముప్పై, ఒక అంచున సగాలు ఐదు, మరో అంచున సగాలు ఆరు, మూలకు పావు ముక్క ఒకటి. ఆ సగాలు కోసేటప్పుడు విరిగేవి ఎన్నో, తేడా రంగు తేలి పక్కన పెట్టేవి ఎన్నో అంచనా వేసుకుని ఇంకొన్ని ఎక్కువ చెబుతాడు. ఇద్దరి లెక్కా ఒకటే. కానీ పిల్లవాడికి తన సూత్రం ఈ గదిలో పనికొస్తుందని తెలియదు, మేస్త్రీకి తాను చేసింది గణితమని తెలియదు. ఆ ఇద్దరూ ఒక గదిలో ఒక పూట కలిసి పనిచేస్తే పిల్లవాడికి గణితం మీద, మేస్త్రీకి చదువు మీద ఉన్న భయం ఎంతో కొంత వదులుతుంది. ఇంత చిన్న పని జరగకపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

పనితో చదువును కలపాలన్న ఆలోచన ఈ దేశానికి కొత్త కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌కు ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్. ఒక చేతివృత్తిని కేంద్రంగా పెట్టుకుని లెక్కలు, భాష, సామాన్య శాస్త్రం దాని చుట్టూ నేర్పడం ఆ పద్ధతి. 1964-66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవం ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సామాజికోపయోగ ఉత్పాదక పని అన్న పేరు పెట్టింది. ఏ పేరు పెట్టినా బడిలో అది వారానికి ఒక పిరియడ్‌గా కుదించుకుపోయి, పరీక్షలు దగ్గరపడగానే మాయమైంది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ ఆ దారే తొక్కి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిపనివారి దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. పెద్దేముల్ బడులకు ఆ పది రోజులు వెతుక్కోవలసిన అవసరం లేదు. నాపరాతి పాలిష్ యూనిట్లు, పప్పు మిల్లులు, కోట్‌పల్లి ప్రాజెక్టు కాలువలు, తాండూరు మార్కెట్ యార్డు చుట్టూరా ఉన్నాయి.

పప్పు మిల్లునే తీసుకుంటే ఒక చిన్న కళాశాలకు సరిపడా పాఠముంది. కందులు ముందు జల్లెడ పట్టి రాళ్లు, తాలు తీసేస్తారు. గింజ మీద గీతలు పడేలా ఒకసారి తిప్పి, నూనె పట్టించి, నాననిచ్చి, ఎండబోస్తారు. ఎండు సరిపోకపోతే పొట్టు వదలదు. ఎక్కువైతే పప్పు నూకై పోతుంది. గింజలో తేమ ఎంతుందో పాత మనిషి పంటి కింద కొరికి చెబుతాడు, యంత్రం అంకె చూపిస్తుంది. రెండూ తెలిసిన యువకుడు మిల్లులో కూలివాడిగా ఉండిపోడు. భౌగోళిక గుర్తింపు వచ్చాక తాండూరు కందిపప్పు పేరుతో అమ్ముకోవాలంటే నాణ్యత నమోదు, ప్యాకింగ్, ఆహార భద్రత లైసెన్సు, ఆన్‌లైన్ ఆర్డర్లు, పద్దులు అన్నీ కావాలి. ఈ పనులు తెలిసినవారు ఊళ్లో లేకపోతే ఆ గుర్తింపు మీద వచ్చే లాభం దూరాన ఉన్న వ్యాపారికి పోతుంది. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న అమ్మాయి ఆరు నెలల్లో నేర్చుకోగల పనులివి, అదీ తాండూరు దాటి పోకుండా.

మట్టి పరీక్ష కూడా ఇలాంటిదే. నమూనా తీయడం తేలికగా కనబడుతుంది, సరిగా తీసేవారు తక్కువ. పొలంలో ఎనిమిది పది చోట్ల పైనున్న చెత్త తొలగించి, ఆంగ్ల అక్షరం "వి" ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతున గుంట తీసి, గుంట పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంతో మట్టి గీకాలి. అన్నీ కలిపి పరచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా అలా చేస్తూ పోవాలి. గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర, చెట్టు నీడన తీయకూడదు. నీడలో ఆరబెట్టి, సంచి మీద రైతు పేరు, సర్వే నంబరు రాయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క పూటలో తమ ఇంటి పొలంలో ఇది చేయగలరు. ఫలితం కాగితం చేతికొచ్చిన రోజు, దానిలోని భాస్వరం అంకె ఏమిటో తండ్రికి వివరించే పిల్లకు ఆ ఇంట్లో స్థానం మారిపోతుంది. తండ్రి ఒక్కసారి శ్రద్ధగా విని తలూపితే చాలు, వంద ప్రసంగాలు ఇవ్వలేని ధైర్యం ఆ తలూపులో ఉంటుంది.

ధైర్యం ఎలా మొలుస్తుందో చెప్పే పెద్ద ఉదాహరణ పాత రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. చరిత్రకారుడు, విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య జ్ఞాపకార్థం 1981లో నెలకొల్పిన ఎం.వి. ఫౌండేషన్, ఆయన మనుమరాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఈ జిల్లా పల్లెల్లో బాలకార్మికులను బడికి చేర్చే పనిలో దిగింది. ఒక పెద్దమనిషి జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి దారి మరొకటి తోచదు. పశువుల వెంట తిరిగిన పన్నెండేళ్ల పిల్లను చిన్నపిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకే ఆ సంస్థ వారధి శిబిరాలు పెట్టింది. తోటివయసు పిల్లలతో కలిసి ఉంటూ, ముందు ఆటపాటలతో బెరుకు పోగొట్టుకుని, తర్వాత చదువు అందుకుని, తమ వయసుకు తగిన తరగతిలో చేరారు. పల్లెల్లో ఆ పని నడిపినవారు చాలామటుకు ఊరి యువతీయువకులే, వారిలో కొందరు ఇంట్లో మొదట చదివినవారు. తనలాంటివాడు చేస్తుంటే చూసి నమ్మడం అని బండూరా చెప్పిన రెండో దారి ఇక్కడ కళ్లకు కట్టింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

మరో ఉదాహరణ దేశమంతా ఎరిగినది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. పత్రికలు శిఖరం ఫొటోలు వేశాయి. నేర్చుకోవలసింది మాత్రం శిఖరానికి చాలా కిందనుంది. ఆ పిల్లలకు మొదటి పాఠం భువనగిరి గుట్ట మీద జరిగింది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడక్. ఒక్కో మెట్టు దగ్గర "అయితదా?" అన్న ప్రశ్నకు "అయింది" అన్న జవాబు చేతికి దొరికాకే తర్వాతి మెట్టు. పెద్ద కల చూపించి, మధ్య మెట్లు కట్టకుండా వదిలేస్తే పిల్లలు కలను చూసి భయపడతారు. పోటీ పరీక్షల కోసం ఏళ్లకు ఏళ్లు అద్దె గదుల్లో గడిపే యువకుల్లో చాలామందికి జరుగుతున్నది ఇదే.

సర్కారు కొలువు మీద ఈ ప్రాంతపు ఆశ తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవలసినది. కొలువుల నియామకాలకు ఏర్పరచిన జోన్లలో వికారాబాద్ జిల్లాను జోగులాంబ జోన్ నుంచి తప్పించి చార్మినార్ జోన్‌లో కలపాలని గట్టిగా అడిగి 2021లో సాధించుకున్నారంటే కొలువుల మాట ఇక్కడ ఇంటింటి మాట కాబట్టే. ఆ ఆశ తప్పు కాదు, గౌరవంగా బతకాలన్న కోరిక దాని వెనక ఉంది. కానీ పోస్టులు వందలు, రాసేవారు లక్షలు. నాలుగేళ్ల తయారీ తర్వాత ఉత్తచేతులతో ఊరికి వచ్చిన యువకుడికి చెప్పుకోదగిన పని ఒక్కటీ చేతిలో లేకపోతే, పోయింది ఉద్యోగం మాత్రమే కాదు, తన మీద తనకున్న లెక్క కూడా పోతుంది. చదువుతో పాటు ఒక పని పూర్తిగా వచ్చినవాడు పరీక్ష పోయినా నిలబడతాడు. ఇంటర్ ఫలితాల రోజుల్లో ఇళ్లల్లో కమ్ముకునే భయం కూడా ఇందులోదే. ఫెయిల్ అన్న మాట ఒక పేపరుకు కాకుండా మనిషికి అంటగట్టడం వల్ల ఎన్నో ఇళ్లు దుఃఖంలో మునిగాయి. అలాంటి రాత్రి మాట్లాడడానికి 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు ప్రతి హాస్టలు గోడ మీద, ప్రతి కళాశాల గేటు దగ్గర పెద్ద అక్షరాల్లో ఉండాలి.

వృత్తి శిక్షణ సంగతికొస్తే, 2015 నాటి జాతీయ నైపుణ్య విధానం భారతదేశ కార్మికుల్లో పద్ధతిగా శిక్షణ పొందినవారు 4.69 శాతమేనని ఒప్పుకుంది. అదే పత్రంలో జర్మనీకి 75, దక్షిణ కొరియాకు 96 శాతం అని ఉంది. ఈ అంకెను చూసి భారతీయులకు పని రాదనుకోవడం సరికాదు. నాపరాయి కోసేవాడు, కంది ఎరిగిన రైతు ఆ 4.69లో లేరు. వారు నేర్చుకున్నది తండ్రి దగ్గర, మేస్త్రీ దగ్గర. వచ్చిన పనికి కాగితం లేదు, కాగితం ఉన్న చాలామందికి పని రాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ రెండింటినీ ఒకచోట చేర్చడానికే వచ్చింది, కర్మాగారంలో పని నేర్చుకుంటూ భత్యం పొందే ఏర్పాటు అది. కరన్‌కోట్‌లోని భారత సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం మొదలుకొని తాండూరు చుట్టూ ఉన్న సిమెంటు పరిశ్రమలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, ప్రయోగశాల సహాయకుడు వంటి పనులెన్నో ఉన్నాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అదే ఏడు యంగ్ ఇండియా స్కిల్ యూనివర్సిటీకి చట్టం చేసింది. ఇవి మంచి అడుగులు. వాటి ఫలితం పెద్దేముల్‌కు చేరేది మాత్రం కొత్త యంత్రం దగ్గర ఒక్కో పిల్లవాడికి ఎన్ని గంటలు దక్కాయన్న దాన్నిబట్టి. ముప్పై మంది చుట్టూ నిలబడి ఒకరు తిప్పితే చూసిన లేత్ యంత్రం ఎవరికీ రాదు.

ఫోను మీద ఈ తరానికి భయం లేదు, అది నిజంగా ఆనందించవలసిన విషయం. అసర్ లెక్కలో ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉండి దాన్ని వాడగలిగినవారు పదిమందిలో తొమ్మిది మంది దాకా ఉన్నారు. కానీ వారిలో తన సొంత ఫోను ఉన్నవారు అబ్బాయిల్లో నూటికి 44 మందైతే అమ్మాయిల్లో 20 మందే. వీడియో చూడడం వేరు, ఫోనుతో పని సాధించడం వేరు. దరఖాస్తు తానే నింపడం, పత్రాలను చదవగలిగేలా ఫొటో తీసి పెట్టుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకుండా ఉండడం, డబ్బు కడితే ఉద్యోగం ఇస్తామన్న పిలుపు మోసమని గుర్తించడం, మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయడం ఇప్పుడు చదవడం రాయడంతో సమానమైన విద్యలు. కృత్రిమ మేధ వచ్చాక ఒక ఉత్తరం ఇంగ్లీషులో రాయించుకోవడం తేలికైంది. అది రాసిన దాంట్లో తప్పు పట్టాలంటే విషయం తెలిసి ఉండాలి. ఎండు తెగులు ఎరిగినవాడు ఆ యంత్రం చెప్పిన మందు సరైనదో కాదో పోల్చుకోగలడు, ఎరగనివాడు దాన్ని నమ్మి పొలం పోగొట్టుకుంటాడు. రాబోయే కాలంలో పాత తెలివి మరింత అవసరం పడే చోటిది.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పుకోవలసి రావడం విచారకరమే. పదో తరగతిలో తమ్ముడికన్నా మంచి మార్కులు తెచ్చుకున్న అక్క, కళాశాల దూరమని ఇంట్లో ఆగిపోతుంది. పెళ్లి ఆలోచన అక్కడే మొదలవుతుంది. 2006 చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పెళ్లిని నిషేధించింది, కస్తూర్బా విద్యాలయాలు 2004 నుంచి హాస్టలుతో కూడిన చదువు ఇస్తున్నాయి, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సులో ఆడవారికి టికెట్టు ఖర్చు లేదు. ఖర్చు పోయాక మిగిలింది వేళ. శిక్షణ సాయంత్రం ఐదున్నరకు ముగిసి, తండాకు చివరి బస్సు ఐదింటికే వెళ్లిపోతే ఆ శిక్షణ ఆడపిల్లలకు లేనట్టే. కోర్సు ఏది పెట్టాలన్న చర్చకన్నా ముందు బస్సు వేళ చూడడం మంచిది. ఇంకొక సంగతి: ఆడపిల్లలకంటూ పెట్టే శిక్షణ కుట్టుమిషను దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. కుట్టుపని గౌరవమైనదే. అయితే ఎలక్ట్రీషియన్ పని, మట్టి పరీక్ష, మిల్లు పద్దులు, జిల్లాలోని అనంతగిరి కొండలకు వచ్చే యాత్రికులకు దారి చూపడం, కోట్‌పల్లి నీళ్లలో పడవ నడపడం ఆడపిల్లలకు చేతకావన్నది ఎవరూ పరీక్షించి తేల్చింది కాదు.

నేర్చుకున్న తర్వాతి ఆరు నెలలు అన్నిటికన్నా కష్టమైన కాలం, పథకాలు ఎక్కువగా మరచిపోయేదీ అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ యువత కోసం నడిచిన ఉపాధి కల్పన మిషన్ మూడు నెలల్లో ఇంగ్లీషు, కంప్యూటరు, కొలువులో మెలగవలసిన తీరు నేర్పి నగరానికి పంపింది. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన నియమాల్లో ఉద్యోగం వచ్చాక కూడా తోడు ఉండాలని, వలస వచ్చినవారికి నగరంలో సహాయ కేంద్రాలు ఉండాలని ఉంది. ఆ నియమం వెనక అనుభవముంది. పెద్దేముల్ నుంచి హైదరాబాదు వెళ్లిన పిల్లవాడు పని రాక తిరిగి రావడం తక్కువ. అద్దెకు ముందుగా కట్టవలసిన డబ్బు లేక, మొదటి జీతం వచ్చేదాకా తిండికి సరిపోక, జ్వరమొస్తే పలకరించేవారు లేక తిరిగి వస్తాడు. ఊళ్లో మాత్రం "ఆడితోని కాలే" అంటారు. ఆ మాట ఒక్కడితో ఆగదు, ఆ వీధిలో తర్వాత వెళ్లవలసిన నలుగురిని ఆపుతుంది. అదే ఊరి నుంచి రెండేళ్ల ముందు వెళ్లి నిలదొక్కుకున్న ఒకరి ఫోను నంబరు, మొదటి నెల గది, చేతిలో రెండు వేల రూపాయల అప్పు అందించగల ఏర్పాటు గ్రామ పంచాయతీ, మహిళా సంఘాలు, పూర్వ విద్యార్థులు కలిసి చేయగలిగినదే. తాండూరు స్టేషన్‌లో రైలెక్కిన పిల్ల దిగేచోట తెలిసిన మొహం ఒకటి ఎదురొచ్చేలా చూడడం దానిలో మొదటి పని.